దోషం మోటారుదా, బోరుదా, భూమిదా?

రాయ్‌పూర్‌లో ఇళ్ల బోర్లు మొరాయించేదీ, కొత్త బోరు వేయకూడదని ఉత్తర్వు వచ్చేదీ ఒకే కాలంలో. ఎండలు ముదిరే వేళకు జిల్లా కలెక్టరు 1986 నాటి తాగునీటి పరిరక్షణ చట్టం కింద ఆ ప్రాంతాన్ని నీటి ఎద్దడి ప్రాంతంగా ప్రకటిస్తారు. అది అవిభక్త మధ్యప్రదేశ్ చేసిన చట్టం. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడ్డాక కొత్త రాష్ట్రానికి సంక్రమించింది. ప్రకటన అమల్లో ఉన్నంతకాలం, అంటే సాధారణంగా వానలు పడేదాకా, అనుమతి లేకుండా బోరు బండి ఇంటి ముందు ఆగడానికి వీల్లేదు.

కుళాయి గాలి కక్కుతున్న ఇంటివాళ్లకు ఈ నిషేధం చిరాకు తెప్పిస్తుంది. కానీ దానివల్ల ఒక మేలుంది. తొందరపడి లక్ష రూపాయలు మట్టిలో పోయకుండా, అసలు ఏం జరిగిందో తెలుసుకునే వ్యవధి దొరుకుతుంది. ‘బోరు పోయింది’ అన్న ఒక్క మాట కింద మూడు వేర్వేరు సంగతులు దాగి ఉంటాయి. మోటారు నీటిని ఎత్తలేకపోవచ్చు. భూమిలో నీరున్నా బోరులోకి రాలేకపోవచ్చు. లేదా భూమిలోనే నీటిమట్టం దిగిపోయి ఉండవచ్చు. మొదటిదానికి మెకానిక్కు చాలు. రెండోదానికి బోరు శుభ్రం చేయాలి. మూడోదానికి మాత్రమే కొత్త తవ్వకం గురించి ఆలోచించాలి, అప్పుడు కూడా అదే చివరి మార్గం.

ఊరి కింద సున్నపురాయి

1931లో విజయనగరం నుంచి రాయ్‌పూర్ దాకా రైలు మార్గం పూర్తయింది. రైల్వే ఉద్యోగాలకు, ఆ తర్వాత పక్కనే భిలాయి ఉక్కు కర్మాగారానికి ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఎన్నో. వాళ్లు వదిలివచ్చిన ఊళ్ల కింద తూర్పు కనుమల ఖొండలైటు, నైసు రాళ్లుంటే, ఇల్లు కట్టుకున్న కొత్త ఊరి కింద ఉన్నది సున్నపురాయి. బోరు విషయంలో సొంతూరి అనుభవం ఇక్కడ పూర్తిగా చెల్లదు.

సుమారు వంద కోట్ల ఏళ్ల క్రితం ఈ ప్రాంతం లోతులేని సముద్రం. ఆ నీళ్లలో పెరిగిన సూక్ష్మజీవుల చాపల మీద సున్నం పొరలు పొరలుగా పేరుకుని ఏర్పడిన స్ట్రొమటోలైట్లు ఇప్పటికీ ఇక్కడి రాతిలో కనిపిస్తాయి. రాయ్‌పూర్ చుట్టుపక్కల ప్రధానంగా రెండు రకాల రాళ్లు కనిపిస్తాయి. ఒకటి చండీ సున్నపురాయి, రెండోది గుండర్‌దేహి షేల్. మొదటిది సిమెంటు కర్మాగారాలకు ముడిసరుకు, బోర్లకు ఆశ. రెండోది గట్టిపడిన బురద లాంటి మెత్తటి పలకల రాయి. దానిలో నీరు తక్కువ.

సున్నపురాయి దానంతట అది నీటిని పీల్చుకోదు. నీరుండేది దాని పగుళ్లలో, సందుల్లో. వాననీరు గాలిలోంచీ నేలలోంచీ కార్బన్ డయాక్సైడును కలుపుకుని బలహీనమైన ఆమ్లంగా మారుతుంది. అది పగుళ్ల గోడలను లక్షల ఏళ్లపాటు కరిగిస్తూ పోతే సన్నని చీలిక వెడల్పై సొరంగమవుతుంది. నంద్యాల జిల్లాలోని బెలుం గుహలు చూసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆ 3,229 మీటర్ల గుహలు సున్నపురాతిని నీరు తొలిచిన దారులే. రాయ్‌పూర్ కింద అంత పెద్ద గుహలుండాలని లేదు, జరిగే పని మాత్రం అదే.

ఒకే వీధిలో ఒక బోరు ధారగా పోస్తుంటే, ప్రహరీకి ఇవతల వేసిన బోరు దుమ్ము లేపడానికి కారణమూ ఇదే. మొదటిది కరిగిన పగులును తాకింది, రెండోది తాకలేదు. పొరుగింటి లోతు చూసి మన లోతు నిర్ణయించుకోవడం ఇసుక నేలలో కొంతవరకు పనికొస్తుంది. సున్నపురాతిలో అది జూదం.

పైనున్న నేల కూడా లెక్కలోకి వస్తుంది. ఛత్తీస్‌గఢ్ రైతులు తమ నేలను నాలుగు రకాలుగా చెబుతారు: ఎర్రని గులకరాళ్ల భాటా, పసుపు మటాసి, మధ్యరకం డోర్సా, నల్లని కన్హార్. భాటా నేలలో వాన త్వరగా ఇంకుతుంది. బంకమన్ను ఎక్కువైన కన్హార్ తడిశాక ఉబ్బి, నీటిని కిందికి దిగనివ్వదు. ఏటా 1,200 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే ఊళ్లో వేసవికల్లా బోర్లు నీరసించడానికి ఇదొక కారణం. ఆ వానలో అధికభాగం జూన్ నడుమ నుంచి సెప్టెంబరు దాకా కురుస్తుంది. ఇంకే వ్యవధి దొరకని నీరు కాలువల వెంట ఖారూన్ నదికి పోతుంది.

మొదటి అనుమానం: మోటారు

పాత కాలనీల్లో ఇంకా వాడకంలో ఉన్న దిగుడు బావులతో మొదలుపెడదాం. గట్టు మీద బిగించిన మోనోబ్లాక్ మోటారు చలికాలమంతా బాగా పనిచేసి, ఏప్రిల్‌లో ఊరికే తిరుగుతుంటుంది. తొంగి చూస్తే బావిలో నీళ్లుంటాయి. ఇలాంటి చిక్కు గురించి గెలీలియో 1638లో అచ్చయిన తన గ్రంథంలోనే రాశాడు. పీల్చే పంపు ఒక ఎత్తు దాటి నీటిని లేపలేకపోతోందని గమనించాడు గానీ సరైన కారణం పట్టుకోలేకపోయాడు. కొన్నేళ్లకు ఆయన శిష్యుడు టారిచెల్లీ తేల్చాడు: పంపు నీటిని లాగదు, బయటి గాలి బరువే నీటిని పైకి నెడుతుంది. ఆ గాలి మోయగలిగేది సముద్రమట్టం దగ్గర 10.3 మీటర్ల నీటిని. సుమారు 300 మీటర్ల ఎత్తున్న రాయ్‌పూర్‌లో ఇంకాస్త తక్కువ. పైపు రాపిడి, వాల్వు లీకులు పోగా ఆచరణలో ఆరేడు మీటర్లే దక్కుతాయి. కాబట్టి వేసవిలో మట్టం ఏడు మీటర్లు దాటి దిగితే పాడైంది బావి కాదు. మోటారును లోపలి దిమ్మె మీదికి దించినా, నీటిలో మునిగే రకం పెట్టినా సరిపోతుంది.

బోర్లలో వాడే సబ్‌మెర్సిబుల్ మోటారుకు ఈ హద్దు లేదు. అది నీటిలో మునిగి కింది నుంచి పైకి నెడుతుంది. దాని ఇబ్బందులు వేరు: అరిగిన ఇంపెల్లర్లు, చిల్లుపడ్డ కాలమ్ పైపు, పట్టుతప్పిన నాన్ రిటర్న్ వాల్వు, వేసవి సాయంత్రాల్లో పడిపోయే వోల్టేజి, నీరసించిన కెపాసిటరు. వీటిలో ఏది జరిగినా కుళాయి దగ్గర కనిపించేది ఒక్కటే, ధార సన్నబడడం.

తేడా తెలుసుకోవడానికి ఒక బకెట్, ఒక గడియారం చాలు. 20 లీటర్ల బకెట్ 30 సెకన్లలో నిండితే ధార నిమిషానికి 40 లీటర్లు. మోటారు వేసిన మొదటి నిమిషంలో ఒకసారి, పావుగంటకు ఒకసారి, అరగంటకు ఒకసారి కొలవాలి. రాత్రంతా విశ్రాంతి ఇచ్చి, బోరులో తగినంత నీరున్నా మొదటి నిమిషం నుంచే ధార సన్నగా ఉంటే అనుమానం మోటారు మీదికీ పైపు మీదికీ పోతుంది. మొదట నిండుగా వచ్చి, పావుగంటకు తగ్గి, గాలి కక్కడం మొదలెడితే మోటారు నిర్దోషి. బోరులోకి వచ్చే ఊట దాని ఆకలికి చాలడం లేదు. అలా గాలి పీలుస్తున్న మోటారును వెంటనే ఆపేయాలి. తన చుట్టూ పారే నీటితోనే చల్లబడే యంత్రం అది. నీరు లేకుండా తిరిగితే వైండింగు కాలిపోతుంది. డ్రై రన్ రక్షణ ఉన్న స్టార్టరు ధర రీవైండింగు ఖర్చుతో పోలిస్తే ఎక్కువేమీ కాదు.

రెండో అనుమానం: బోరు

మోటారు నిర్దోషి అయితే తరవాతి ప్రశ్న: నీరు భూమిలోనే లేదా, లేక బోరులోకి రాలేకపోతోందా? దీనికి జవాబు రెండు అంకెల్లో ఉంటుంది. మోటారును రాత్రంతా ఆపి ఉంచాక తెల్లవారుజామున కొలిచే మట్టం ఒకటి, అది విశ్రాంతి మట్టం. మోటారు అరగంట నడిచాక కొలిచే మట్టం రెండోది, అది తోడే మట్టం. ఈ రెండింటి తేడా ఎంత, ఆ సమయంలో ధార ఎంత అన్నది తెలిస్తే బోరు సత్తువ తెలిసినట్టే.

ఈ లెక్కకు పెద్ద చరిత్రే ఉంది. 1856లో ఫ్రాన్సులోని దిజాన్ నగర నీటి సరఫరా చూసిన ఇంజినీరు హెన్రీ డార్సీ, ఇసుకలోంచి నీరు ఎంత వేగంగా కదులుతుందో కొలిచి సూత్రం రాశాడు. 1935లో అమెరికా శాస్త్రవేత్త థీస్, నీరు తోడేకొద్దీ బావి చుట్టూ మట్టం కాలంతో పాటు ఎలా దిగుతుందో లెక్కగట్టాడు. ఆ తగ్గుదల బావి చుట్టూ గరాటు ఆకారంలో విస్తరిస్తుంది. పక్కింటి గరాటు మన గరాటుతో కలిసిన రోజున రెండిళ్ల బోర్లూ నీరసిస్తాయి. 1947లో జేకబ్ ఇంకో మెట్టు ఎక్కాడు. మట్టం దిగడంలో భూమి వాటా ఎంత, బోరు నిర్మాణం వాటా ఎంత అని విడదీసే పద్ధతి చూపాడు.

ఇంటి అవసరానికి జేకబ్ పద్ధతిని సులువు చేసుకోవచ్చు. విశ్రాంతి మట్టం నాలుగేళ్ల క్రితంలాగే ఉండి, అదే ధారకు తోడే మట్టం మాత్రం ఎక్కువగా దిగిపోతుంటే దోషం బోరుది. నీరు గుమ్మం దాకా వచ్చి ఆగిపోతోంది. విశ్రాంతి మట్టమే దిగిపోయి ఉంటే దోషం భూమిది.

సున్నపురాతిలో బోరు మూసుకుపోయే తీరు ప్రత్యేకం. అక్కడి నీరు సున్నాన్ని కరిగించుకుని వస్తుంది. మోటారు తోడగానే బోరు చుట్టూ పీడనం తగ్గి, నీటిలోని కార్బన్ డయాక్సైడు తప్పించుకుంటుంది. దాంతో కరిగి ఉన్న సున్నం మళ్లీ గట్టిపడి పగుళ్ల నోళ్ల దగ్గర, మోటారు జల్లెడ మీద తెల్లని పెచ్చుగా పేరుకుంటుంది. గీజరు కాయిల్ మీద కనిపించే పెచ్చు కూడా ఈ సున్నమే. భాటా నేలల్లో ఇనుము ఎక్కువ కాబట్టి, దాన్ని తిని బతికే బ్యాక్టీరియా ఎర్రని జిగురును కూడా జోడించవచ్చు. ట్యాంకు గోడల మీద నారింజ రంగు జారుడు పొర కనిపిస్తే ఇది గుర్తుకు రావాలి.

మొదటి వానకే ఎర్రమట్టి నీళ్లు వస్తే అది కేసింగు లోపం. పైన వదులు మట్టి ఉన్నంతమేరా పైపు దిగి, రాతిలోకి బిగుతుగా కూర్చోవాలి. ఖర్చు తగ్గించడానికి కేసింగును కురచ చేసిన బోరులో పైమట్టి జారి అడుగున పేరుకుంటుంది. ఏడాదికేడాది లోతు తగ్గుతూ, కింది పగుళ్లు పూడిపోతాయి.

పూడిక, పెచ్చు ఈ రెండింటికీ మొదటి వైద్యం ఫ్లషింగ్. మోటారు బయటికి తీసి, కంప్రెసరు గాలితో అడుగునున్న మట్టిని ఎగజిమ్మిస్తారు. పెచ్చు మొండిదైతే ఆమ్లం వాడతారు. అది అనుభవజ్ఞులు చేయాల్సిన పని. సున్నం మీద పడిన ఆమ్లం కార్బన్ డయాక్సైడు విడుదల చేస్తుంది. ఇంకో పద్ధతి హైడ్రోఫ్రాక్చరింగ్: బోరులో కొంత భాగాన్ని రబ్బరు ప్యాకర్లతో మూసి, లోపలికి అధిక పీడనంతో నీటిని పంపి, మూసుకున్న పగుళ్లను తెరిపించడం. గట్టి రాతిలో, చేతిపంపుల బోర్లకు ఇది బాగా ఉపయోగపడింది. గోడలు రాలే షేల్‌లో దీని జోలికి పోకపోవడమే మంచిది.

మూడో అనుమానం: భూమి

విశ్రాంతి మట్టమే దిగిపోయిందనుకుందాం. అప్పుడు కూడా బోరు చచ్చిందని తేల్చే ముందు ఒక లెక్క వేయాలి.

ఆరంగుళాల బోరులో మీటరు లోతు నీరు అంటే సుమారు 18 లీటర్లు. అదే మూడు మీటర్ల వ్యాసమున్న దిగుడు బావిలో మీటరు లోతుకు 7,000 లీటర్ల పైచిలుకు. బావి నీటిని నిల్వ చేస్తుంది, బోరు దాదాపుగా దారి మాత్రమే. ఈ ఒక్క తేడా మరచిపోవడం వల్లే ఎన్నో బోర్లకు అన్యాయంగా మరణశిక్ష పడుతోంది.

ఉదాహరణకు ఒక ఇంటి బోరులో విశ్రాంతి మట్టం 25 మీటర్ల దగ్గర, మోటారు 55 మీటర్ల దగ్గర ఉన్నాయనుకుందాం. మధ్యనున్న 30 మీటర్లలో నీరు 540 లీటర్లు. ఊట నిమిషానికి 5 లీటర్లకు పడిపోయింది, మోటారు మాత్రం 40 లీటర్లు తోడుతోంది. అంటే నిమిషానికి 35 లీటర్ల లోటు. పావుగంటకు బోరు ఖాళీ, కుళాయిలో గాలి, ఇంట్లో గగ్గోలు. కానీ నిమిషానికి 5 లీటర్ల ఊట రోజంతా సాగితే 7,200 లీటర్లు. నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు అన్న ప్రభుత్వ ప్రమాణం ప్రకారం ఐదుగురి ఇంటికి కావలసింది 675 లీటర్లే. పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు మోటారు వేస్తే 800 లీటర్లు ట్యాంకుకు చేరతాయి. నీటిమట్టం పైకి వచ్చేకొద్దీ ఊట వేగం తగ్గుతుంది కాబట్టి అసలు లెక్క ఇంత సరళంగా ఉండదు. అయినా కాస్త పెద్ద ట్యాంకు, ఒక టైమరు, వీలైతే చిన్న మోటారు ఉంటే ఈ ‘పోయిన’ బోరుతోనే ఆ ఇల్లు వేసవి దాటుతుంది.

ఇలాంటి కొలతలు ఇంజినీర్లకే చేతనవుతాయనుకుంటే పొరపాటు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ కరువు పల్లెల్లో ఏపీఫామ్స్ అనే ప్రాజెక్టు ఈ పని రైతులకే అప్పగించింది. బోర్ల మట్టాలు, ధార, వాన అన్నీ రైతులే కొలిచి, ఊరి గోడల మీద రాసి, ఉన్న నీటికి తగ్గట్టు పంటలు ఎంచుకున్నారు. పొలంలో సాధ్యమైనది పెరట్లో సాధ్యం కాకపోదు. దారానికి చిన్న ఇనుప తూకం కట్టి దించితే మట్టం తెలుస్తుంది. అయితే దారం కేబులుకు చుట్టుకోకుండా, బోరులో సన్నని గొట్టం ఒకటి ముందే దించి, దానిలోంచి కొలవాలి.

కొత్త బోరు తప్పనప్పుడు

అన్ని పరీక్షలూ అయి, ఊట నిజంగానే ఆగిపోయిందని తేలితే, వానల తరవాత అనుమతితో కొత్త చోటు వెతకాలి. ఇక్కడ నీటి జాడ చెప్పేవాళ్ల కొబ్బరికాయ, వేపపుల్ల రంగప్రవేశం చేస్తాయి. ఇలాంటి పుల్లల సత్తా ఏమిటో 1987, 88ల్లో జర్మనీలోని మ్యూనిచ్ దగ్గర ఒక ధాన్యపు కొట్టాంలో పరీక్షించారు. కింది అంతస్తులో నీటి పైపును అటూ ఇటూ జరుపుతూ, పై అంతస్తు నుంచి అదెక్కడుందో చెప్పమన్నారు. వందల మందిలోంచి ఎంపిక చేసిన 43 మంది పుల్లవాళ్లు 843 సార్లు ప్రయత్నించారు. తరవాత ఆ ఫలితాలను తిరిగి విశ్లేషించిన అమెరికా శాస్త్రవేత్త ఎన్‌రైట్, అవి గుడ్డిగా చెప్పినదానికంటే మెరుగు కాదని తేల్చాడు.

దానికి బదులు విద్యుత్ నిరోధక సర్వే ఉంది. నేలలోకి కరెంటు పంపి, ఏ లోతున ఎంత నిరోధం ఉందో కొలుస్తారు. పొడి సున్నపురాయి ఎక్కువ నిరోధం చూపిస్తుంది, నీటి పగులు తక్కువ చూపిస్తుంది. బంకమట్టి నిండిన సందు కూడా తక్కువే చూపిస్తుంది కాబట్టి యంత్రం చెప్పిందల్లా నీరు కాదు. స్థానిక రాళ్లు తెలిసిన జియాలజిస్టు చేతిలో మాత్రమే అది పనికొస్తుంది. కేంద్ర భూగర్భజల మండలి ప్రాంతీయ కార్యాలయం రాయ్‌పూర్‌లోనే ఉంది. ఆ సంస్థ తన పరిశీలక బావుల మట్టాలను ఏడాదికి నాలుగుసార్లు కొలుస్తుంది. చుట్టుపక్కల మట్టం ఎటు పోతోందో ఆ అంకెలు చెబుతాయి.

వెయ్యి అడుగులు వేయిస్తే నీరు పడక ఛస్తుందా అన్న మొండితనం తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. కానీ లోతుకు పోయేకొద్దీ కరిగిన పగుళ్లు సాధారణంగా తగ్గుతాయి. నీరు పడినా, రెట్టింపు లోతు నుంచి ఎత్తడానికి రెట్టింపు కరెంటు కావాలి.

కప్పు మీది నీరు, బావిలోని గాలి

100 చదరపు మీటర్ల డాబా మీద 1,200 మిల్లీమీటర్ల వాన పడితే, ఐదో వంతు వృథా పోయినా 96,000 లీటర్లు మిగులుతాయి. ఐదుగురి ఇంటికి 140 రోజులకు పైగా సరిపోయే నీరది. దాన్ని ఇంకుడు గుంతలోకి పంపితే అంతా మన బోరుకే తిరిగి రాదు. వీధి మొత్తం పంచుకుంటుంది. అందుకే ఒక్క ఇల్లు చేస్తే ఫలితం కంటికి కనిపించదు, వీధి చేస్తే కనిపిస్తుంది. ఒక జాగ్రత్త తప్పనిసరి. ఇసుక నేల మురికిని కొంత వడకడుతుంది, సున్నపురాతి సొరంగం వడకట్టదు. మొదటి వాననీటిని బయటికి వదిలి, మిగిలినదాన్ని ఇసుక, కంకర పొరల గుండా పంపాలి. మురుగు కాలువ నీటిని బోరులోకి మళ్లించడమంటే వీధి వీధికీ విషం పంచడమే. బోరు మీద ఏ పని జరిగినా తరవాత నీటిని పరీక్ష చేయించాలి. భారతీయ ప్రమాణం ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకుండా ఉంటే మేలు. వేరే దిక్కు లేనప్పుడు 600 దాకా అనుమతిస్తారు. నైట్రేటు మాత్రం 45 దాటకూడదు.

పాత బావిలో పూడిక తీయించాలనుకునేవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి. 2024 జులై 5న ఛత్తీస్‌గఢ్‌లోని జాంజ్‌గీర్ చాంపా జిల్లా కికిర్దా గ్రామంలో బావిలోకి దిగిన ఐదుగురు విషవాయువుకు బలయ్యారు. అదే రోజు కోర్బా జిల్లాలో ఇంకో బావిలో నలుగురు పోయారు. ఒకరిని కాపాడబోయి మరొకరు దిగడమే ఇలాంటి చోట్ల మృతుల సంఖ్యను పెంచుతుంది. దీపం దించి చూసే పాత పద్ధతి ఆక్సిజన్ కొరతను మాత్రమే సూచిస్తుంది, ప్రతి విషవాయువునూ పట్టుకోదు. గాలి ఆడించే ఏర్పాటు, నడుముకు తాడు, పైన మనుషులు లేకుండా ఎవరూ దిగకూడదు.

వదిలేసిన బోరు కూడా అంతే ప్రమాదం. 2022 జూన్‌లో అదే జాంజ్‌గీర్ చాంపా జిల్లా పిహ్రీద్ గ్రామంలో వాడని బోరులో పడిన బాలుణ్ని ప్రాణాలతో తీయడానికి నాలుగు రోజులకు పైగా పట్టింది. వదిలేసిన బోర్లను అడుగు నుంచి నేలమట్టం దాకా మట్టి, ఇసుక, రాళ్లతో పూడ్చాలని సుప్రీంకోర్టు 2010లోనే ఆదేశించింది. మూతమీద రాయి పెట్టి మరచిపోతే ఆ ఆదేశాన్ని పాటించినట్టు కాదు.

ఈ అధ్యాయం చదివినవాళ్లు ఒక పని చేయాలి. స్టార్టరు పెట్టె తలుపు లోపల ఒక కాగితం అంటించి బోరు మొత్తం లోతు, కేసింగు లోతు, మోటారు దించిన లోతు రాయాలి. ప్రతి మే నెలలో, ప్రతి నవంబరులో విశ్రాంతి మట్టం, బకెట్ నిండే సెకన్లు కొలిచి వాటి కింద చేర్చాలి. మూడేళ్ల అంకెలు చేతిలో ఉన్న ఇంటికి దోషం ఎవరిదో ఒక్క పూటలో తెలుస్తుంది. ఆ కాగితం లేకుండా కొత్త బోరుకు దరఖాస్తు పెట్టకండి.